ఇంటి కుట్టుమిషను – దాని నూనె, దాని పోషణ



గ్రంథాలయ రజతోత్సవమునందు కుట్టుమిషనుపై ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఏ యూరికేగినను వసారా మూలను పాత చీర కప్పుకొని, నెత్తిపై వడియాల డబ్బాను, పిల్లల పుస్తకములను మోయుచు ఒక కుట్టుమిషను నిలిచియుండుట కానవచ్చును. అడిగినచో “అది చెడిపోయినది” అందురు. ఒకప్పుడు ఆ మిషనే ఇల్లాలి చేతి ఖర్చునకు ఆధారము. కొన్ని యిండ్లలో యజమాని పోయిన పిదప పిల్లల చదువు నిలిపినది అదియే. అట్టిది తుదకు పాత యినుము కొనువాని త్రాసు నెక్కుచున్నది. నిజమునకు అట్టి మిషనులలో పెక్కు చెడినవి కావు, ఎండిన నూనెచే బిగిసికొన్నవి. గిద్దెడు కిరసనాయిలుతోను, కొన్ని చుక్కల మంచి నూనెతోను లేచి తిరుగవలసిన వస్తువు ఇనుప ధరకు పోవుట కంటె నష్టమేమున్నది?

సూదిమొనకే బెజ్జము పెట్టి, రెండు దారములతో కుట్టు యంత్రమునకు అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందెను. ఐజాక్ సింగరు 1851లో తన మిషనుకు పేటెంటు పొందెను. యంత్రములను అంత తేలికగా మెచ్చని గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరు మిషనును మాత్రము తన విమర్శ నుండి మినహాయించెను. చరిత్ర యింతటితో చాలును. మన పని నూనెతో.

మిషను పని చేయు విధమును కొంచెము తెలిసికొన్నగాని నూనె యవసరము బోధపడదు. సూది పైదారమును బట్టలోనికి దింపి, మరల లేచునప్పుడు అడుగున చిన్న ఉచ్చు ఏర్పడును. షటిల్ కొక్కెము ఆ ఉచ్చును పట్టి, బాబిన్ చుట్టును త్రిప్పి, అడుగుదారముతో పెనవేయును. ఇది నిమిషమునకు కొన్ని వందల సార్లు జరుగును. కొక్కెమునకును సూదికిని నడుమ సందు వెండ్రుకవాసి మాత్రమే. అట్టి చోట ఇనుము ఇనుమును ఒరసికొనకుండ కాపాడునది పలుచని నూనెపొర యొక్కటే.

ఈ సంగతి మన పూర్వులు ఎరుగనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమున అభ్యంగనమును గూర్చి చెప్పుచు, కుండయు, తోలును, బండియిరుసును నూనెచే దృఢపడునట్లు శరీరమును దృఢపడునని పోలిక చెప్పబడినది. సంస్కృతమున స్నేహమనగా నూనె యనియు, ప్రేమ యనియు రెండర్థములు గలవు. మన రైతులును బండియిరుసుకు కందెన పెట్టక పొలిమేర దాటెడివారు కారు.

అయితే చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కందెన యనగా ఆముదములో గడ్డిమసి కలిపినది. బండియిరుసు బరువైనది, మెల్లగ తిరుగునది, సందు ఎక్కువ గలది. దానికి చిక్కని కందెనయే తగును. ఆ యలవాటు చొప్పున ఇంటనున్న ఆముదమునో, వేరుసెనగ నూనెనో, వంటింటి సీసాలోని మరి యే నూనెనో మిషనులో పోయుదురు. ఆ పూటకు మిషను హాయిగా తిరుగును, అందుచే మంచిదే చేసితిమని నమ్మకము కలుగును. కాని గింజల నూనెలు చాలవరకు గాలి సోకి క్రమముగ చిక్కబడి, బంకయై, తుదకు లక్కపూత వలె గట్టిపడును. ఆముదము మొదటినుండియు మరీ చిక్కన. కొబ్బరినూనె మాట వేరు. సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు క్రింద అది పేరుకొనును. కార్తిక మాసపు ఉదయమున సీసాలో గడ్డకట్టు నూనె మిషను కీళ్ళలో మాత్రము గడ్డకట్టకుండునా? మోటారు బండ్లలో వాడి తీసిన నల్లనూనె మరియు చెరుపు. దానిలో ఇనుప రజను కలిసియుండును. వేయవలసినది పలుచగ, రంగులేక, నీరువలె నుండు ఖనిజపు నూనె. దుకాణములలో మిషను నూనె యని చిన్న డబ్బాలలో అమ్మునది అదియే. చిన్న డబ్బా యొక్కటి ఇంటి వాడుకకు నెలల తరబడి వచ్చును. దాని వెల చూచి వంటనూనె పోయుట పొదుపు కానేరదు.

ఇదివరకే బిగిసిన మిషనును బలవంతముగ త్రిప్పరాదు. దారములు తీసివేసి, నూనె బెజ్జములన్నిటను కిరసనాయిలు చుక్కలు వేసి, కొంతసేపు నాననిచ్చి, చేతిచక్రమును మెల్లమెల్లగ కదల్పవలెను. కదలిక వచ్చిన పిదప వేగముగ త్రిప్పగా కరగిన బంక నల్లగ బయటికి వచ్చును. దానిని గుడ్డతో తుడిచి, మరల కిరసనాయిలు వేసి, నలుపు రాకుండునంత వరకు ఇట్లే చేయవలెను. పొయ్యికిని, దీపమునకును దూరముగ ఈ పని చేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కిరసనాయిలు దొరకనిచో మిషను నూనెనే ధారాళముగ వేసి రెండు మూడు దినములు ఓర్పు పట్టవలెను. ఏది వాడినను, ముఖ్యముగ కిరసనాయిలు వాడినచో, కడపట మంచి నూనె వేయక విడువరాదు. కిరసనాయిలు మురికిని పోగొట్టునే గాని ఒరపిడిని ఆపదు.

నూనెకు ముందు దుమ్ము తీయుట ముఖ్యము. సూది క్రింది పలక మరలు విప్పి చూచినచో, బట్టను ముందుకు నెట్టు పళ్ళ నడుమ నూలుపొట్టు నూనెతో కలిసి కంబళి ముక్కవలె గట్టిపడి యుండును. ఈ పొట్టు అడ్డుపడుటచేతనే బట్ట సాగక కుట్లు ఒక్కచోట కుప్పపడును. చిన్న కుంచెతో దానిని తీసి, షటిల్ ఊడదీసి, అది తిరుగు గాడిని పొడిగుడ్డతో తుడిచి, ఒక్క చుక్క వేసిన చాలును. మిగిలిన బెజ్జములలోను ఒక్కొక్క చుక్కయే. దినమంతయు కుట్టువారు ప్రతిదినము, అప్పుడప్పుడు కుట్టువారు వారమున కొకసారి వేయవలెను. క్రింది స్టాండును మరచువారే ఎక్కువ. తొక్కుడు పలక ఊగు రెండు వైపులను, కడ్డీ చక్రమునకు తగులు చోటను చుక్క పడినచో మోకాళ్ళకు శ్రమ తగ్గును.

నూనె తగులరాని చోట్లును గలవు. దారమును బిగించు టెన్షను బిళ్ళలకు నూనె యంటినచో బిగువు చెడును, దారము మరకపడును. బాబిన్‌కు దారము చుట్టు రబ్బరు చక్రమునకు వేయరాదు. తోలు బెల్టుకును వేయరాదు. తోలునకు నూనె మంచిదని చరకుడు చెప్పెను గదా యని వాదించువారుందురు. ఇచ్చట తోలు చక్రమును పట్టుకొని త్రిప్పవలసియున్నది, నునుపెక్కినచో జారిపోవును. మోటారు తగిలించిన మిషనయినచో ముందు ప్లగ్గు ఊడదీయవలెను. మోటారులో నూనె పోయరాదు.

బట్ట యడుగున దారము ఉండలు కట్టినప్పుడు అందరును బాబిన్‌ను తిట్టుదురు. తరచుగ తప్పు పైదారముది. పాదమును పైకెత్తి, పైదారమును మొదటినుండి మరల ఎక్కించి చూడవలెను. వంగిన సూదిని తక్షణమే మార్చవలెను. అది షటిల్‌ను గీచినచో సూది వెలకు బదులు షటిల్ వెల చెల్లింపవలసివచ్చును. ఇవన్నియు మిషనుతో వచ్చు చిన్న పుస్తకమున బొమ్మలతో సహా ఉండును. గూటిలో పడియున్న ఆ పుస్తకమును గ్రంథాలయమునకు తెచ్చినచో, ఆంగ్లమెరిగిన సభ్యులెవరైన చదివి చెప్పగలరు.

నూనె వేసిన వెంటనే పెండ్లి రవికె కుట్టుటకు కూర్చుండరాదు. ముందు పాతగుడ్డపై నాలుగు వరుసలు కుట్టి, ఆ గుడ్డనే పాదము క్రింద నుంచి రాత్రి విడిచినచో మిగులు నూనెను అది పీల్చుకొనును. వానకాలమున మిషనును తడిగోడకు ఆనించి యుంచరాదు; మెరుగు భాగములను నూనె గుడ్డతో తుడిచి కప్పవలెను. ఇంత చేసినను సూదియు కొక్కెమును కలియక కుట్టు తప్పుచున్నచో అది అమరిక చెడుట. అప్పుడు మరలు విప్పక మిషను బాగుచేయువానిని పిలువవలెను, అదియు పండుగలు, ముహూర్తములు ముంచుకొని రాకమునుపే. అప్పటికి వానికి తీరిక యుండదు.