కార్డు వెనక జవాబు



ఒకే గదిలో ఉన్న పిల్లలు తలా ఒక మెట్టు మీద ఉన్నప్పుడు వాళ్ళ చేతికి ఏమివ్వాలన్నది ఈ ఉపాధ్యాయ సదస్సు చర్చనీయాంశం. అధ్యక్షస్థానంలో కూర్చున్నవాళ్ళు 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పెట్టెల నుంచి 2021 నాటి నిపుణ్ భారత్ దాకా వరసగా సమీక్షించడం ఆనవాయితీ. అదంతా మీరు బళ్ళో అనుభవించిందే. నా ఉద్యోగ జీవితమంతా ఏ ప్రశ్న మీద వాదులాడానో దాన్నే మీ ముందు పెడతాను. పిల్లవాడికిచ్చే అభ్యాస కార్డు వెనకవైపు జవాబు ఉండాలా, వద్దా? ఉండి తీరాలని నా వాదం. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదలా అన్నవాళ్ళున్నారు. మన ప్రాథమిక బడి మంచీ చెడూ ఇక్కడే తేలుతాయని నా నమ్మకం.

విద్యాహక్కు చట్టం, 2009 అనుబంధం ఒకసారి చూడండి. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం 5. అంటే చట్టం తు.చ. తప్పకుండా అమలైన బడిలో కూడా ఒక్కో టీచరు రెండు మూడు తరగతులను పట్టాల్సిందే. మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నంతసేపూ నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఏం చేస్తుంటారు? నోట్సు పట్టుకుని దిద్దించుకోవడానికి ఎదురుచూస్తుంటారు. చురుకైనవాడు గబగబా ముగించి పక్కవాణ్ణి గిల్లుతాడు. వెనకబడ్డవాడు మొదటి లెక్కలోనే తప్పు చేసి, అది తప్పని తెలియక, మిగతావన్నీ అదే తప్పుతో చేసుకుంటూ పోతాడు. సాయంత్రం ఎర్రసిరా పడేసరికి లెక్క ఎలా చేశాడో వాడికి గుర్తుండదు. తనకు రాదన్న సంగతి మాత్రం గట్టిగా నాటుకుంటుంది. పిల్లల్లో ఆసక్తి లేదని మనం పెట్టుకునే సెమినార్లన్నీ ఈ ఎదురుచూపును లెక్కలోకి తీసుకోకుండానే జరుగుతున్నాయి.

‘జవాబు రాసి ఇస్తే చూసి రాసేస్తారండీ’ అన్నది నాకు ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం. ఈ మాట అన్న శిక్షకుల్లో ఒక పూటైనా కార్డులతో పిల్లల మధ్య కింద కూర్చున్నవాళ్ళు నాకు తారసపడలేదు. చాట్రాయి మండలంలో ఒక తండా బడిలో మూడో తరగతి అమ్మాయికి 52లోంచి 27 తీసెయ్యమనే కార్డు వచ్చింది. పలక మీద 35 వేసింది. కార్డు తిప్పింది. వెనక 25 ఉంది. చెరిపేసి 25 వేసుకోవచ్చు, పక్కన ఎవరూ లేరు. ఆ పిల్ల కార్డును బోర్లించి పెట్టి, చీపురుపుల్లల కట్టలు ముందుకు లాక్కుంది. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తియ్యాలంటే రెండే ఉన్నాయి. కాసేపు చూసి, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు ఊడదీసింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల అది. ‘పదులు అరువు తెచ్చుకోవడం’ అని టీచరు తెలుగులో ఎన్నిసార్లు చెప్పినా అందని విషయం, తన జవాబు వెనకున్న జవాబుతో ఎందుకు కలవలేదో వెతుక్కోవడంలో అందింది. మొదట్లో కొందరు చూసి రాస్తారు, నిజమే. కార్డుకు మార్కులు లేవని తెలిశాక చూసి రాయడంలో వాళ్ళకు లాభం కనిపించదు, మానేస్తారు.

ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. 1939లో మద్రాసు వచ్చిన మాంటిస్సోరి అడయారులో శిక్షణ ఇచ్చిన పద్ధతిలో చెక్కదిమ్మె, దాని గుంటల్లో దిగే స్తూపాలు ఉన్నాయి. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది. తప్పైందని చెప్పడానికి టీచరు అక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఊరి బడుల కోసం తయారుచేసిన కార్డులు, అభ్యసన నిచ్చెన కూడా ఆ దారివే. ఏ మెట్టు మీద ఉన్నాడో, తర్వాత ఏ కార్డు తీసుకోవాలో పిల్లవాడే గోడ మీది నిచ్చెనలో చూసుకుంటాడు. దాన్ని చూసి వెళ్ళిన తమిళనాడు వాళ్ళు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతా పరిచారు. మన దగ్గర స్నేహబాల కార్డులు వచ్చాయి. వాటి గురించి ఒక్క సమగ్రమైన తెలుగు పుస్తకం నా కంటబడలేదు.

మామిడి తోటల ప్రాంతంలో ఈ నిచ్చెన విలువ మరీ ఎక్కువ. కాపు కాలంలో కాపలాకని కుటుంబం తోటలో పాకకు మారితే పిల్లవాడు బడికి దూరమవుతాడు. తిరిగొచ్చాక పాఠ్యపుస్తకం వాడికోసం ఆగి ఉండదు. కార్డు ఆగి ఉంటుంది.

స్థాయిని బట్టి గుంపులు చేద్దామనే మిత్రులతో నా పేచీ కూడా ఇక్కడే. అక్షరం, పదం, పేరా, కథ అని విడదీసి చెప్పడం కొద్దివారాల శిబిరంలో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ గుంపులు త్వరత్వరగా మారతాయి. మన బళ్ళకు వచ్చేసరికి జూన్‌లో వేసిన గుంపు ఫిబ్రవరిలోనూ అదే ఉంటుంది. పేరా చదవలేని కుర్రాడు తోటలో రసాలు పుంజీల లెక్కన ఎంచి, బుట్టకెన్నో నోటితో చెబుతాడు. వాణ్ణి ఏ గుంపులో వేస్తారు? తెలుగులో ఒక మెట్టు, లెక్కల్లో ఇంకో మెట్టు ఉన్న పిల్లవాడికి రెండు కార్డులు ఇవ్వగలం. రెండు గుంపుల్లో ఒకేసారి కూర్చోబెట్టలేం.

బోధనోపకరణాల ప్రదర్శనల గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. థర్మోకోల్, మెరుపు కాగితాలతో రాత్రంతా కూర్చుని చేసిన నమూనాలకు బహుమతులిచ్చి, మర్నాడు బీరువాలో పెడుతున్నాం. గోడకు తగిలించేది అతిథులు చూడటానికి. పిల్లవాడి చేతిలో నలిగి, అంచులు మాసిన కార్డును ఏ న్యాయనిర్ణేతా ముట్టుకోడు. ఇక ట్యాబు వెంటనే తప్పొప్పులు చెబుతుంది కదా అన్నారు నిన్న ఒక వక్త. చెబుతుంది. ఎప్పుడు చెప్పాలో అదే నిర్ణయిస్తుంది. కార్డు ఎప్పుడు తిప్పాలో పిల్లవాడు నిర్ణయించుకుంటాడు. ఈ తేడా నాకు చాలా పెద్దది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లు ఈ వాదాన్ని నాకంటే ముందుకు తీసుకెళ్ళారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు లేని పిల్లకు కార్డు వెనక అంకె వేస్తే ఏం లాభం? మామిడికాయల అట్టపెట్టెలు కోసి కార్డులు చేసిన ఒక టీచరును చూశాను. ప్రశ్న ముక్క అంచులో ఒక గాటు, జవాబు ముక్కకు అందులో సరిగ్గా దిగే నాలుక. ప్రశ్న మీద చుక్కలు గంజితో అంటించిన పెసరగింజలు. వేలితో తడిమి లెక్కపెట్టి, ముక్కలు కలిపి చూసుకోవచ్చు. చూపున్నవాళ్ళు, లేనివాళ్ళు, అంకెలు ఇంకా రానివాళ్ళు అవే కార్డులతో ఒకే చాప మీద ఆడుకుంటున్నారు.

ఇటువంటి పని మనకు కొత్త కాదు. బ్రిటిష్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పెట్టుకున్న ఆరు సూత్రాల్లో వ్యక్తిగత భేదాలకు చోటివ్వడం ఒకటి, టీచర్లే కృత్యాలు తయారుచేయడం ఇంకొకటి. ఆనాటి ఉపాధ్యాయ కేంద్రాల్లో శుభలేఖల వెనక, సిగరెట్టు పెట్టెల అట్టల మీద స్కెచ్ పెన్నులతో రాసిన కార్డులు ఎన్నో! ఒక లెక్కను ముగ్గురు పిల్లలకు మూడు రకాలుగా రాసిన టీచర్లు వాళ్ళు. వాళ్ళు రిటైరయ్యారు, కొందరు లేరు. కార్డులు చిత్తుకాగితాల్లో పోయాయి. మన విద్యాచరిత్రకారులు జీవోలను భద్రపరిచారు, కమిటీ నివేదికలను భద్రపరిచారు. పిల్లల చేతుల్లో పనిచేసిన వస్తువును వదిలేశారు.

కాబట్టి ఈ సభ నుంచి తీర్మానం కోరుతున్నాను. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన అంగలూరు, దుబచర్ల డైట్‌లలో టీచర్లు చేతితో చేసిన కార్డులకు ఒక్కో బీరువా కేటాయించమని అడుగుదాం. ఇచ్చే ప్రతి కార్డు మీద బడి, తరగతి, సంవత్సరం, ఏ ఇబ్బంది ఉన్న పిల్లల కోసం చేశారో రాద్దాం. ఛాత్రోపాధ్యాయులు వాటిని చూసి నకళ్ళు రాసుకునేలా బీరువాకు తాళం లేకుండా ఉంచమని కూడా అడుగుదాం. ముసాయిదా కార్యదర్శి గారి దగ్గర ఉంది. సవరణలుంటే భోజన విరామం లోపు రాసివ్వండి.