కొండవీటి దుర్గము



కొండవీటి దుర్గమును గూర్చి ప్రసంగింపుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. గుంటూరునకు పడమటగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న యీ దుర్గమును మన రెడ్డికులమునకు కీర్తిస్తంభమని చెప్పుకొనుట మనకు పరిపాటి. ఆ కీర్తి యెట్లు వచ్చినదో, యెట్లు పోయినదో కొంచెము విచారింతము.

1325 ప్రాంతమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యమును స్థాపించెను. శ్రీశైలాహోబిలములకు సోపానములు కట్టించిన పుణ్యాత్ముడాతడు. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. గిరిదుర్గమునకు ప్రాకారమెంత ముఖ్యమో జలమును అంత ముఖ్యము. అందువలననే కొండపై ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ళ చెరువులు వెలసినవి. శత్రువు క్రింద విడిసినను పైనున్నవారి దాహము తీర్చినవి అవియే.

విద్యకును ఆ దుర్గము చెరువువంటిదే. కుమారగిరిరెడ్డి మంత్రియైన కాటయవేముడు కాళిదాసుని నాటకములు మూటికిని వ్యాఖ్య రచించెను. మేము శాకుంతలము పాఠము చెప్పిన దినములలో ఆ వ్యాఖ్యయే మాకు చేతికర్ర. పెదకోమటి వేమారెడ్డి అమరుశతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్య వ్రాసెను. శ్రీనాథుని విద్యాధికారిగా నిలిపెను. శ్రీనాథుడు రెడ్డి కాడు. ప్రభువు కులమును చూడలేదు, పాండిత్యమును చూచెను.

ఇక రెండవ ప్రక్క. కడపటి ప్రభువైన రాచవేమారెడ్డి పురిటి సుంకము విధించెననియు, ఆ బాధ సహింపజాలక సవరము ఎల్లయ యనువాడు ఆయనను పొడిచి చంపెననియు లోకము చెప్పుకొనుచున్నది. అది కథయే యగుగాక. ప్రజలు ప్రభువును ఏ నేరమునకు క్షమింపరో ఆ కథ చెప్పుచున్నది. 1424 ప్రాంతమున రాజ్యమంతరించెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతినుండి యీ దుర్గమును గైకొనెను. రాళ్ళు ఏ కులమునకును శాశ్వతముగా లొంగలేదు.

నేడు కొండపైకి బాట యున్నది, వాహనములు పోవుచున్నవి. కత్తులబావి యని పేరొందిన గోపీనాథస్వామి యాలయమును, శిథిల ప్రాకారములను, చెరువులను బిడ్డలకు చూపుడు. గోడలపై పేర్లు చెక్కనీయకుడు. పూర్వుల కీర్తితోపాటు పురిటి సుంకపు కథయు వారికి చెప్పుడు. ఈ సంఘము ఒసగు విద్యార్థివేతనములలో ఒకటియైనను కులము నడుగక, బీదబాలుని బుద్ధిని చూచి యీయవలెనని మా ప్రార్థన. అదియే కొండవీటి ప్రభువులకు మనము చేయదగిన తర్పణము.

స్వస్తి.