పేరు రాయని గ్రీటింగ్ కార్డు

ఈ రోజు వీడియోలో కోడింగ్ లేదు, గాడ్జెట్స్ లేవు. కాగితం, కత్తెర, ఫెవికాల్. అంతే.

పోయినేడాది మా అక్కకి పాప పుట్టింది. నెలలు నిండకుండా, 32వ వారంలోనే. పాపని ఎన్‌ఐసీయూలో పెట్టారు. మా ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం పూల బొకేలు, కంగ్రాట్స్ స్టిక్కర్లు వస్తూనే ఉన్నాయి. అక్క ఒక్కదానికీ రిప్లై ఇవ్వలేదు. రాత్రి ఫోన్ చేసి, "నేనింకా ఎత్తుకోనే లేదురా, అందరూ కంగ్రాట్స్ అంటున్నారు" అంది. నాకేం చెప్పాలో తెలీలేదు. ఊరికే కూర్చోలేక కార్డు చేయడం మొదలుపెట్టా.

ముందు పేపర్ సంగతి. ప్రింటర్‌లో వాడే పేపర్ 70, 80 జీఎస్‌ఎం ఉంటుంది, నిలబడదు. స్టేషనరీ షాపులో 200 జీఎస్‌ఎం ఉన్న ఎ4 షీట్లు రెండు అడగండి. పొడుగుని సగానికి మడిస్తే ఒక్కో వైపు 14.8 సెంటీమీటర్లు వస్తుంది. మందం పేపర్‌ని నేరుగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. అందుకే స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా ఒక గీత గీసి, అప్పుడు మడవండి.

ఇప్పుడు లోపల ఉయ్యాల. మొదటి షీటు మడిచే ఉంచి, మడత వైపు నుంచి లోపలికి 4 సెంటీమీటర్ల పొడుగున రెండు చోట్ల కత్తిరించండి. రెండింటి మధ్య 6 సెంటీమీటర్లు ఉండాలి. ఆ పట్టీని ముందుకీ వెనక్కీ ఒకసారి మడిచి, కార్డుని సగం తెరిచి, పట్టీని లోపలికి తోయండి. చిన్న మెట్టులా వస్తుంది. దాని ముందు వైపు ఉయ్యాల బొమ్మ అతికించండి. బొమ్మ అడుగు మెట్టు అడుక్కి సమానంగా ఉండాలి. కార్డు తెరవగానే ఉయ్యాల లేచి నిలబడుతుంది.

నా ఫస్ట్ వెర్షన్‌లో ఒక బగ్ ఉంది. ఉయ్యాల 12 సెంటీమీటర్ల ఎత్తు పెట్టా. కార్డు మూస్తే బయటికి పొడుచుకొచ్చింది! లెక్క సింపుల్. మెట్టు 4, బొమ్మ ఎత్తు, రెండూ కలిపి 14.8 దాటకూడదు. రెండోసారి 9 పెట్టా, సరిపోయింది.

వెనక కత్తిరించిన చోట కన్నం కనిపిస్తుంది కదా, రెండో షీటు దానికి కవర్. మెట్టు వెనక మాత్రం ఫెవికాల్ అంటనివ్వకండి, అంటితే ఉయ్యాల లేవదు. అతికించాక రాత్రంతా ఏదైనా బరువైన పుస్తకం కింద పెట్టండి. నా బీటెక్ టెక్స్ట్‌బుక్‌లు ఇన్నాళ్లకి పనికొచ్చాయి. ఇంకో మాట, గ్లిటర్, పూసలు వద్దు. పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు.

ఇక లోపల ఏం రాయాలి? అక్కడే ఆగిపోయా. మన దగ్గర చాలా ఇళ్లలో 11వ రోజో, 21వ రోజో బారసాల చేసి పేరు పెడతారు. మా పాప 21వ రోజుకి కూడా హాస్పిటల్లోనే ఉంది. అందుకే పేరు ఉండాల్సిన చోట ఒక ఖాళీ గీత గీసి, కింద ఇలా రాశా: "అక్కా, పాప ఇంటికొచ్చిన రోజు ఈ గీత మీద పేరు రాయి. కంగ్రాట్స్ అప్పుడే చెప్తా."

బావ చేతికిచ్చి పంపా. అక్క దాన్ని మంచం పక్కన, ఉయ్యాల కనబడేలా తెరిచి పెట్టుకుందట.

38వ రోజు పాప ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం అక్క ఫొటో పంపింది. గీత మీద పేరుంది. రాత మాత్రం బాగా వంకర. ఏంటక్కా ఇలా రాశావంటే, "ఒక చేత్తో దాన్ని ఎత్తుకుని రాశారా" అంది.

అప్పుడు చెప్పా కంగ్రాట్స్.

కాబట్టి కత్తెర పట్టుకునే ముందు ఒక ఫోన్ చేయండి. ఆ ఇంట్లో ఎలా ఉన్నారో కనుక్కోండి. ఏం రాయాలో అప్పుడు తెలుస్తుంది. ఉంటా మరి, మళ్లీ కలుద్దాం.