పొగాకు మాన్పించడం మన పనే



పొగాకు ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో డాక్టర్లైన మీకు చెప్పక్కర్లేదు. అది పాథాలజీలో చదివి, రాసి, పాసయ్యారు. పొగాకు మానాలనుకుంటున్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో, ఏం రాసివ్వాలో మాత్రం మనలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

2016-17 దేశవ్యాప్త సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో 28.6 శాతం పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఆ ఏడాది వైద్యుల దగ్గరికి వెళ్లిన పొగతాగేవాళ్లలో మానమన్న సలహా అందింది 48.8 శాతానికే. ఖైనీ, గుట్కా వాళ్లలోనైతే 31.7 శాతానికే. ముగ్గురొస్తే ఇద్దర్ని ఊరికే పంపేశామన్నమాట!

టైమెక్కడుందంటారా? లండన్‌లో మైకేల్ రస్సెల్ బృందం 1979లో ప్రచురించిన అధ్యయనం చూడండి. జనరల్ ప్రాక్టీషనర్లు ఒకటి రెండు నిమిషాలు చెప్పి, చేతికో కరపత్రమిచ్చి, మళ్లీ కనుక్కుంటామన్నారు. ఏడాదికి 5.1 శాతం మానేశారు. ఏమీ చెప్పనివాళ్లలో మానింది 0.3 శాతం. నూటికి ఐదుగురేనా అని తీసిపారేయకండి, మన ఓపీల రద్దీకి అది చిన్న లెక్క కాదు.

ఇక మాట తీరు. చుట్ట నిప్పుకొనను నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మను “అలవాట్లేమైనా ఉన్నాయా?” అంటే “నాకేటి అలవాట్లు బాబూ” అంటుంది. ఆమె లెక్కలో అలవాటంటే సారా. చుట్టా, బీడీయా, ఖైనీయా అని పేరుపెట్టి అడగాలి. నోరు తెరిపించి టార్చి వేయండి. అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తే అద్దమిచ్చి ఆమెకే చూపించండి. “ఇది ఆ నిప్పు చేసిన పనేనమ్మా. ఏ రోజు మానేద్దాం చెప్పు” అనండి. పుండో, ఎర్రమచ్చో ఉంటే బయాప్సీకి పంపండి. “ఈ వయసులో ఇదేం పాడలవాటు?” అని కసిరారో, మళ్లీ రాదు. వచ్చినా అబద్ధం చెబుతుంది.

ముఖాముఖి మాటకు ఫలితముంటుందని మన శ్రీకాకుళంలోనే తేలింది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవారితో మెహతా, పిండ్‌బోర్గ్, గుప్తా ప్రభృతులు చేసిన ఆ అధ్యయనం 1986లో లాన్సెట్‌లో వచ్చింది. మన జిల్లా సంగతి మన విద్యార్థులకే తెలియకపోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

మాటకు తోడు ఇచ్చే మందుల్లో ఎక్కువగా దెబ్బతినేది నికోటిన్ గమ్. రాసిస్తాం, వాడే పద్ధతి చెప్పం. రోగి దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్లొచ్చి, వికారం పుట్టి పారేస్తాడు. నాలుక చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన పావుగంటదాకా వేసుకోకూడదు, ఒంటికి పట్టదు. ఈ నాలుగు ముక్కలూ రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి.

ఈ మెలకువలు స్లైడ్లు చూస్తే రావు. ఒకరు రోగిగా, ఒకరు డాక్టరుగా కూర్చుని సాధన చేయాలి. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులూ పెట్టాలి. మార్కులు లేనిది మన కాలేజీల్లో ఎవరూ నేర్చుకోరు, దాపరికమెందుకు?

రేపటి నుంచి ఓపీ చీటీలో బీపీ, షుగర్ పక్కన పొగాకుకూ ఒక గడి పెట్టండి. ‘ఉంది’ అని రాసిన ప్రతిసారీ కింద 1800-11-2356 క్విట్‌లైన్ నంబరు, వారంలోపే మళ్లీ రావలసిన తేదీ రాసివ్వండి.