ఫారంలో ఆ ఒక్క గడి



జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఉండే హడావుడి మీకు వేరే చెప్పక్కర్లేదు. పుస్తకాలకు అట్టలు వెయ్యాలి, యూనిఫారాలు కుట్టించాలి, ఫీజులకు డబ్బు సర్దాలి. అటువంటి రోజుల్లో ఒక సాయంత్రం నేను తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. దాని కూతురికి పదకొండేళ్ళు. కొత్త బడి ఫారం ముందేసుకుని, తనే నింపుతానని కూర్చుంది. పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది, తండ్రి చేసే పని రాసింది. ఆ తర్వాత తలెత్తి, "అమ్మా, మతం అన్నచోట ఏం రాయను?" అని అడిగింది.

మా చెల్లెలు జవాబు చెప్పలేదు. పొయ్యి మీద పాలున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవని నాకు తెలుసు. పిల్ల నా వైపు తిరిగి, "ఆదివారం మనం క్రైస్తవులమే కదా పెద్దమ్మా, మరి సోమవారం కాదా?" అంది.

ఈవేళ మీతో ఆ ప్రశ్న గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

వింటున్నవారిలో క్రైస్తవులు కాని సోదరీమణులే ఎక్కువమంది ఉంటారు. ఒక మాట రాయడానికి ఇంత తటపటాయింపు ఎందుకూ అనుకుంటారేమో. కారణం చెబుతాను. 1950లో షెడ్యూల్డు కులాల జాబితాతో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవారిని షెడ్యూల్డు కులంవారిగా ఎంచరాదని అందులో మూడో పేరా చెబుతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇచ్చారు. క్రైస్తవులూ, ముస్లిములూ ఈనాటికీ బయటే ఉన్నారు. గిరిజనులకు మాత్రం ఈ మతం పట్టింపు లేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపుగా ఉంచారు. ఆ గ్రూపుకు ఉన్నది 1 శాతం. షెడ్యూల్డు కులాలకు 15 శాతం. చదువు, ఫీజు, హాస్టలు, ఉద్యోగం, ఇవన్నీ ఆ ఒక్క గడిలో రాసే మాట మీద ఆధారపడి ఉన్నాయన్నమాట.

పోనీ, గుడికి వెళ్ళినంత మాత్రాన కులం మనల్ని వదిలిందా అంటే, అదీ లేదు. మా పేట ఎక్కడుందో అక్కడే ఉంది. ఇల్లు అద్దెకు అడిగితే, "మీరేమిట్లు?" అన్న ప్రశ్న బైబిలు చేతిలో ఉన్నా తప్పదు. అందుకే 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసివెయ్యమని సిఫారసు చేసింది. 2022లో కేంద్ర ప్రభుత్వం జస్టిస్ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అవుతుందని తీర్పు చెప్పింది.

దీని ఫలితం జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు నూటికి నలుగురికి పైగా ఉన్నారు. 2011 నాటికి అది 1.34 శాతానికి దిగింది. మరి గుళ్ళు తగ్గాయా? ఏలూరులో ఏ వీధికి వెళ్ళినా ఆదివారం కీర్తనలు వినిపిస్తూనే ఉంటాయి. మనుషులు ఉన్నారు, లెక్కలో లేరు.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. లేకపోతే నేను గట్టున కూర్చుని ఈత నేర్పినట్టుంటుంది. మా పెద్దవాడి ఫారంలో మేము 'క్రైస్తవ' అనే రాశాం. వాడు కోరుకున్న సీటు రాలేదు. జీతం ఎక్కువ కట్టి వేరేచోట చదివించాం. "మీరు రాసిన ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో తెలుసా అమ్మా?" అని వాడు ఒకసారి అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. అలాగని మేమేదో ఘనకార్యం చేశామని చెప్పుకోను. మావారికి నెల జీతం వస్తుంది, ఉండటానికి సొంత ఇల్లుంది. మేము భరించగలిగాం. ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా పనిచేసే మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, ఆ ఖరీదు భరించగలడా? అందుచేత ఆ గడిలో ఏం రాయాలో నేను ఏ తల్లికీ చెప్పను. ఆ ప్రశ్న అడిగిన పిల్లను వదిలేసి వంటింట్లోకి వెళ్ళవద్దని మాత్రం చెబుతాను.

ఎందుకంటే, తల్లి తడబడితే పిల్లలు ఒక్కటే నేర్చుకుంటారు, ఇది దాచుకోవలసిన విషయమని. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. స్నేహితులను క్రిస్మసుకు పిలవాలంటే సిగ్గు. ఆదివారం పొద్దున్నే ట్యూషన్, స్పెషల్ క్లాసు పెడితే గుడికి వెళ్ళాలని మాస్టారితో చెప్పడానికి భయం. ఇలా కొన్నాళ్ళు గడిస్తే చివరికి మిగిలేది డిసెంబరులో వాకిట్లో కట్టే నక్షత్రమొక్కటే.

దాచుకోవలసినంత పరాయిదా ఇది? 1836లో వచ్చిన బౌడన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1841లో బందరులోను, 1854లో ఏలూరులోను చర్చి మిషనరీ సొసైటీ వారు వచ్చారు. 1852లో బందరు నోబుల్ బడిలో చదివే ఇద్దరు కుర్రవాళ్ళు బాప్తిస్మం తీసుకుంటే ఊళ్ళో పెద్ద అలజడి రేగి, తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. ఖరీదు చెల్లించడమన్నది మనతో మొదలైంది కాదు. ఇక మన కీర్తనల సంగతి చూడండి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు మన రాగాల్లో, మన తాళాల్లో పాటలు కట్టారు. లూథరన్లయినా, బాప్టిస్టులయినా, సి.ఎస్.ఐ. వారయినా ఈనాటికీ పాడుకునేది అవే. గుర్రం జాషువాగారు 'గబ్బిలం'లో తన బాధను కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపారు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' కూడా రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగువాడిగా ఉండటానికి ఆయన ఏదీ దాచుకోవలసిన అవసరం రాలేదు.

చెప్పుకుంటే ఇరుగుపొరుగులు దూరమవుతారేమోనని మనలో చాలామందికి భయం. మా అమ్మమ్మగారిది కొల్లేటి లంక గ్రామం. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఊరంతా ఒకే గట్టు మీదికి చేరవలసిందే. అక్కడ కులాలూ మతాలూ లేవని అబద్ధమాడను, ఉన్నాయి. అయినా ఒక విషయం చెబుతాను. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వస్తుంది. పొరుగింటావిడ ప్రతి ఏడూ ప్రసాదం తెచ్చేదట. మా అమ్మమ్మ కొన్నేళ్ళు మొహమాటానికి తీసుకుని, ఆవిడ వెళ్ళాక ఏం చెయ్యాలో తెలియక ఇబ్బంది పడేది. ఒక ఏడు ధైర్యం చేసి, "ఏమీ అనుకోకు వదినా, దేవుడికి పెట్టింది మేము తినం. నీ చేతి బూరెలు మాత్రం నాకు ఇష్టం" అని చెప్పేసింది. ఆవిడ ఒక్క క్షణం ఊరుకుని, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా, నైవేద్యం పెట్టకముందే నీ వాటా తీసి ఉంచేదాన్ని" అందట. మరుసటి ఏడు నుంచి అలాగే చేసింది. క్రిస్మసుకు మా అమ్మమ్మ అరిసెలు ఆవిడ ఇంటికి వెళ్ళేవి. ఇద్దరిలో ఎవరూ తమ దేవుణ్ణి వదులుకోలేదు, ఎవరి స్నేహమూ చెడలేదు. మనం చెబితేనే కదా ఎదుటివారు మన్నించేది!

మళ్ళీ తాడేపల్లిగూడెం వస్తాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మా చెల్లెలు కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. ముత్తాతగారు ఎవరింట్లో పాలేరుతనం చేశారో, ఎందుకు బాప్తిస్మం తీసుకున్నారో, మొదట అక్షరాలు ఎక్కడ నేర్చుకున్నారో చెప్పింది. ఆ ఉత్తర్వు సంగతీ దాచకుండా చెప్పింది. అంతా విని పిల్ల, "అయితే నేను రాసేది అబద్ధమా?" అని అడిగింది. మా చెల్లెలు కాసేపు ఆలోచించి, "మన కులమూ నిజమే, మన దేవుడూ నిజమే. ఈ రెండూ కలిపి రాయడానికి ఆ కాగితంలో చోటు లేదమ్మా. నీ నోటితో మాత్రం ఎవరడిగినా నిజమే చెప్పు" అంది.

ఆ గడిలో చివరికి ఏం రాశారో మీకు చెప్పను. అది ఆ ఇంటివారి విషయం.

క్రైస్తవ సోదరీమణులకు నా మనవి ఇది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ పది నిమిషాలు టీవీ కట్టేసి, పిల్లలతో ఒక కీర్తన తెలుగులో పాడించండి. మన పెద్దల కథ వాళ్ళకు చెప్పండి. పండక్కి పొరుగువారిని పిలవండి. మిగతా సోదరీమణులకూ ఒక చిన్న మనవి. మీ పక్కింటి పిల్లకు రెండు పేర్లున్నాయని తెలిస్తే, "ఆదివారం ఒకటి, సోమవారం ఒకటా?" అని నవ్వకండి. ఆ మాట ఆ పిల్ల తనను తాను ఎప్పుడో అడిగేసుకుంది.

మొన్న క్రిస్మసుకు మా చెల్లెలి కూతురు బడి స్నేహితురాళ్ళను నలుగురిని ఇంటికి తీసుకొచ్చింది. "ఇది మా ప్రార్థన గది" అని తనే చూపించింది. గది అంటే ఏమీ లేదు, మంచం పక్కన ఒక చాప, ఒక బైబిలు, అంతే.