పౌడరు డబ్బా - పసిబిడ్డ ఊపిరి
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, రోడ్లు, వీధి దీపములు మొదలగు పెద్ద విషయముల నడుమ పౌడరు డబ్బాను గురించి మాట్లాడుట ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. కాని మన గ్రామములలో పౌడరు లేని ఇల్లు అరుదు. పసిబిడ్డకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ఒళ్లంతయు పౌడరు అద్ది, బుగ్గన దిష్టిచుక్క పెట్టిననేగాని అమ్మమ్మకు తృప్తి కలుగదు. మేము గ్రామములకు పోయినపుడు "పౌడరు వలన కాన్సరు వచ్చునట, నిజమేనా?" అని పలువురు అడుగుచున్నారు. కొందరు ఇది వట్టి పుకారని కొట్టివేయుచున్నారు. మరికొందరు ఇంతకాలము బిడ్డకు విషము పూసితిమేమో యని కుమిలిపోవుచున్నారు. ఈ రెండును సరికావు.

ముందుగా ఈ పొడి ఏమిటో చూతము. టాల్కు ఒక ఖనిజము. మెగ్నీషియము, సిలికా, కొంత నీటి అంశ కలిసి ఏర్పడినది. ఖనిజములలో కెల్ల మెత్తనిది. గోటితో గీచినను గీత పడును. మనము బలపపు రాయి అనునది ఈ జాతిదే. రాజస్థానములో దీనిని విస్తారముగ త్రవ్వుచున్నారు. మన అనంతపురము, కర్నూలు ప్రాంతములలోను నిక్షేపములు గలవు. ఈ రాతిని మెత్తగ నూరి, సువాసన కలిపిన యెడల అదియే టాల్కం పౌడరు. ఇది తేమను పీల్చును, చర్మము ఒరయకుండ కాపాడును. చెక్కుచెదరని చర్మముపై పూసినంత మాత్రమున విషమెక్కునది కాదు.

చిక్కు రెండు చోట్ల గలదు. భూగర్భములో టాల్కు ఉన్నచోటనే ఒక్కొక్కప్పుడు రాతినార, అనగా ఆస్‌బెస్టాసు, కూడ ఉండును. రాతినార నలుసులు ఊపిరితిత్తులలో చేరిన కాన్సరు కలిగించునని నిస్సందేహముగ తేలినది. కావున పౌడరునకు వాడు టాల్కులో అది లేకుండ పరీక్షించుట తప్పనిసరి. రెండవది, రాతినార లేని టాల్కును స్త్రీలు ఏండ్ల తరబడి మర్మావయవముల వద్ద వాడిన అండాశయపు కాన్సరు వచ్చునా యను ప్రశ్న. 1982లో అమెరికాలోని బోస్టను పరిశోధకులు ఇట్టి సంబంధము కనిపించుచున్నదని ప్రకటించినది మొదలు వాదము నడచుచునే యున్నది. 2020లో అమెరికాలోనే సుమారు 2,50,000 మంది స్త్రీల వివరములను కలిపి చూడగా, గణాంక రీత్యా గట్టిగ చెప్పదగిన సంబంధము కానరాలేదు. 2024లో వెలువడిన మరొక పరిశోధనలో సంబంధము కనిపించినది. అదే సంవత్సరము ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ టాల్కును "బహుశా కాన్సరు కలిగింపగలది" అను వర్గములో చేర్చినది.

ఈ వర్గము మాట కొంచెము వివరింపవలెను. పత్రికలలో పెద్ద అక్షరములు చూచి భయపడువారు పెక్కుమంది. ఆ సంస్థ చేయు విభజన సాక్ష్యము ఎంత బలమైనదో తెలుపును గాని, ప్రమాదము ఎంత పెద్దదో తెలుపదు. 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయములు త్రాగుటయు ఈ వర్గములోనిదే. అంతకన్న పైది, సందేహమునకు తావులేని మొదటి వర్గము. 2004లో వక్కను అందులో చేర్చిరి. పౌడరు పేరు చెప్పగనే ఉలికిపడి, బుగ్గన వక్కపలుకు నములుచునే మమ్ము ప్రశ్నించిన పెద్దలను మేము చూచితిమి!

జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ తన టాల్కు పౌడరును 2020లో అమెరికా, కెనడా దేశములలోను, 2023లో ప్రపంచమంతటను ఆపి, మొక్కజొన్న పిండితో చేసిన పొడికి మారినది. వేలకొలది దావాలు పడినను, తమ టాల్కు సురక్షితమనియే ఆ కంపెనీ వాదించుచున్నది. మా అభిప్రాయము అడిగినచో ఒక్కటే చెప్పుదుము: మర్మావయవముల వద్ద పౌడరు వాడుటవలన ఆరోగ్యమునకు కలుగు లాభమేమియు లేదు, సందేహము మాత్రము గలదు. లాభము లేని చోట సందేహమును భరింపనేల? స్త్రీలు ఆ వాడుక మానుట మేలు. ఈ మాట మగవారు సభలో చెప్పుటకు బిడియపడుదురు. పంచాయతీలలో ఎన్నికైన సోదరీమణులు మహిళా సంఘముల సమావేశములలో నిస్సంకోచముగ చెప్పవచ్చును.

అందరును కాన్సరును గురించియే అడుగుచున్నారు. బిడ్డ ఊపిరిని గురించి అడుగువారు లేరు. మేము ఇక్కడికి వచ్చినది ముఖ్యముగ అందులకే.

డబ్బాను బిడ్డపై నేరుగ దులిపినపుడు తెల్లని పొగవలె లేచునది కంటికి కనబడునంత సేపే గాలిలో ఉండదు. సన్నని రేణువులు చాలసేపు తేలియాడును. బిడ్డ ముక్కు అచటనే యున్నది. టాల్కు నీటిలో కరగదు. పసిబిడ్డ శ్వాసనాళములు మిక్కిలి సన్ననివి. పొడి వాటిలో చేరి తడిని పీల్చి, అడ్డుపడును. దగ్గు, ఆయాసము కలుగును. ఒక్కొక్కప్పుడు మొదట బిడ్డ బాగుగనే యున్నట్లు కనబడి, కొన్ని గంటల తరువాత ఊపిరి అందని స్థితి వచ్చును. ఇట్లు పొడి పీల్చి ప్రాణములు కోల్పోయిన శిశువుల ఉదంతములు వైద్య గ్రంథములలో గలవు. బిడ్డ ఆడుకొనుటకు డబ్బా చేతికిచ్చినపుడు మూత ఊడి ముఖముపై పడుట ఇట్టి ప్రమాదములలో తరచు కనబడు కారణము. ఏడుపు మాన్పుటకు డబ్బాను గిలక్కాయవలె ఇచ్చు అలవాటు మన ఇండ్లలో ఎంత సామాన్యమో మీకు చెప్పనక్కరలేదు. ఐరోపా దేశములలో మూడేండ్లలోపు పిల్లలకై చేసిన పౌడరు డబ్బాపై, ముక్కు నోటికి దూరముగ ఉంచవలెనను హెచ్చరిక ముద్రింపవలెనని చట్టము గలదు.

పొడి పీల్చిన బిడ్డకు దగ్గు ఆగకున్నను, రొప్పుచున్నను, పెదవులు నీలముగ మారినను నాటు వైద్యముతో కాలము గడపక 108కి ఫోను చేయవలెను. విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో ఊపిరికి ఆధారము కల్పించుటయే చికిత్స.

మరి చెమటకాయలకు ఏమి చేయుదుమని తల్లులు అడుగుదురు. చన్నీటి స్నానము చేయించి, మడతలలో మెత్తని గుడ్డతో తడి ఒత్తి, పలుచని నూలు బట్ట వేసి, గాలి తగులనిచ్చిన చాలును. బొడ్డు ఊడని బిడ్డకు బొడ్డుపై పౌడరు గాని, బూడిద గాని, నూనె గాని వేయరాదు; శుభ్రముగ, పొడిగ ఉంచవలెను. ఆశా కార్యకర్తలు ప్రసవమైనది మొదలు 42 దినముల వరకు పలుమార్లు బాలింతల ఇండ్లకు పోవుచుందురు. ఆ సమయముననే ఈ మాట చెప్పునట్లు మీరు వారిని కోరవచ్చును. తల్లికి మాత్రమే కాక, నీళ్లు పోయు అమ్మమ్మకు, నాయనమ్మకు చెప్పుట మరువరాదు. డబ్బా ఉండునది వారి చేతిలోనే.

సంతలో అమ్ము పేరు లేని పౌడరును గురించి కొంచెము గట్టిగ చెప్పవలసి యున్నది. 1972లో ఫ్రాన్సు దేశములో మొర్హాంజ్ అను పేరు గల శిశువుల టాల్కు పౌడరులో, హెక్సాక్లోరోఫీన్ అను క్రిమినాశకము పొరపాటున అధికముగ కలిసెను. 200 మందికి పైగా పిల్లలు జబ్బుపడిరి. 36 మంది మరణించిరి. కర్మాగారములోనే అట్టి పొరపాటు జరిగినపుడు, ఎవరు చేసిరో, ఏమి కలిపిరో తెలియని పొడిని ఎట్లు నమ్ముదుము? మన దేశములో 2020 నాటి సౌందర్య సాధనముల నియమముల ప్రకారము డబ్బాపై తయారీదారుని పేరు, చిరునామా, బ్యాచి నంబరు, లైసెన్సు నంబరు, వాడవలసిన గడువు ఉండవలెను. ఇవి లేని సరకు మీ సంతలో కనబడినచో ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరుకు వ్రాయుడు. నమూనా తీయు అధికారము వారిది. తెలియపరచు బాధ్యత మీరు తీసికొనవచ్చును. క్యారం బల్లపై చల్లు పొడిని బిడ్డకు పూయుట బొత్తిగ కూడదు. అందులో కొన్నిట బోరిక్ ఆమ్లము ఉండును, అది శిశువులకు విషము.

ఇటీవల ఒక శిబిరములో ఒక సభ్యురాలు, "మొక్కజొన్న పిండి పౌడరు కొన్నచో భయము లేదు గదా?" అని అడిగినారు. కాన్సరు సందేహము దానికి లేదు. కాని పొడి పొడియే. పీల్చిన ఊపిరికి అదియు అడ్డమే. ఇంటిలో ఉన్న డబ్బాను ఏమి చేయవలెనని ఆమెయే మరల అడిగినారు. పెద్దలు ముఖమునకు రాచుకొనుటకు వాడుకొనవచ్చును. బిడ్డ లేని గదిలో, అరచేతిలో కొద్దిగ వేసికొని, మూత బిగించి, పిల్లలకు అందని అటకపై పెట్టవలెనని చెప్పితిమి.