చుక్క నీళ్ళు అక్కర్లేని జీడిమామిడి నిజంగా ఉందా?

కొండాపూర్‌లో ఏ టీ స్టాల్ దగ్గర నిలబడినా ఫార్మ్ ల్యాండ్ ముచ్చటే కదా. వికారాబాద్ వైపు ఎకరం, లోన్ మీద. అమ్మేవాళ్ళ మాట ఒకటే: "జీడిమామిడి పెట్టండి సార్, చుక్క నీళ్ళు అక్కర్లేదు." మీలో చాలామంది అడిగారు, నమ్మొచ్చా అని.

సగం నమ్మొచ్చు. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్ ఈశాన్య ప్రాంతం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చారు. మనకి జీడిపప్పు అంటే పలాస, ఉద్దానం. ఈ చెట్టు వేరు లోతుకి దిగుతుంది, పక్కలకీ పాకుతుంది. ఆకు తోలులా మందం. ఎండ ముదిరితే ఆకు మీది సన్నటి రంధ్రాలు మూసేసుకుని తడి పోకుండా చూస్కుంటుంది. నాలుగైదు నెలలు వాన లేకపోయినా చావదు.

కానీ బతకడం వేరు, కాయడం వేరు. పూత చలికాలంలో మొదలవుతుంది, గింజ ఊరేసరికి ఎండాకాలం. సరిగ్గా నేలలో తడి లేని టైమ్. అప్పుడు చెట్టు తన ప్రాణం చూస్కుంటుంది, పూత పిందె రాల్చేస్తుంది. ఫొటోకి తోట పచ్చగానే ఉంటుంది. బస్తాలోకే ఏమీ రాదు.

కర్ణాటకలోని పుత్తూరులో కేంద్రం నడిపే జీడిమామిడి పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళ సలహా: జనవరి నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి చెట్టుకి 200 లీటర్లు. లెక్క వేద్దాం. ఎనిమిది మీటర్ల ఎడంతో ఎకరానికి 63 చెట్లు. ఒక విడతకి 12,600 లీటర్లు, ఆరు విడతలకి 75,600. మన అపార్ట్‌మెంట్‌కి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే పదిహేను పైనే. చుక్క అంటే ఇదన్నమాట!

ఇంకోటి, నేల. కింద బండ ఉంటే లోతు వేరు గొప్ప ఎందుకూ పనికిరాదు. నల్లరేగడిలో నీళ్ళు నిలబడితే జీడికి అసలు పడదు. సంతకానికి ముందే నాలుగు చోట్ల గుంత తీయించండి. బోరు మే నెలలో ఎంతసేపు పోస్తుందో పక్క రైతుని అడగండి, బ్రోచర్‌ని కాదు.

బాదం కథా ఇంతే. బాదం చెట్టూ కరువుకి మొండిదే. అయినా ప్రపంచ బాదంలో దాదాపు 80 శాతం పండించే కాలిఫోర్నియాలో తోటలన్నీ పారకం మీదే. కరువొస్తే అక్కడి రైతులు చెట్లే పీకేసిన సందర్భాలున్నాయి.

మరి ఎవరూ నీళ్ళు పోయని చెట్టు? ఉంది. సారపప్పు చెట్టు, మనవాళ్ళు మొర్రి అంటారు. జీడిమామిడి, మామిడి, పిస్తా కుటుంబమే. బట్టల మీద చాకలి గుర్తులు పెట్టిన నల్లజీడి కూడా వీళ్ళ చుట్టమే. నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో రాతి గుట్టల మీద మొర్రి పెరుగుతుంది. ఎండాకాలంలోనే పండుతుంది. కానీ పప్పు చూడండి, కందిబద్దంత. పెంకు రాయి. అందుకే సూపర్ మార్కెట్‌లో జీడిపప్పు కన్నా ఖరీదు. పెద్ద గింజ కోసం మనిషి తరతరాలుగా ఏరి పెంచిన చెట్టు కాదిది. దాని గింజ దాని అవసరానికే.

పిస్తా రైతులు మధ్యేమార్గం పట్టారు: కింద అడవి పిస్తా వేరు, పైన తోట పిస్తా అంటు. మన జీడి నర్సరీల్లో మాత్రం అంటుకి కింద ఉండేది జీడి మొలకే. కొనేటప్పుడు కవర్ అడుగున వేరు చుట్ట చుట్టుకుందేమో చూడండి. చుట్టుకున్న వేరు లోతుకి దిగదు.

మీ గట్టు మీదో పెరట్లోనో మొర్రి కాస్తుంటే కింద కామెంట్‌లో ఊరి పేరు రాయండి. పెట్టిన ఎన్నేళ్ళకి కాసిందో కూడా.